స్కాలర్‌షిప్ వచ్చింది సరే, టికెట్ డబ్బులు ఎవరిస్తారు? విదేశాల్లో చదివే ఆఫ్రికా విద్యార్థుల లెక్కలు

టోలిచౌకి పారామౌంట్ కాలనీ గల్లీల్లో అసర్ నమాజ్ తర్వాత కాసేపు నిలబడితే సూడాన్, సోమాలియా, నైజీరియా కుర్రాళ్లు భుజాన బ్యాగులతో కనిపిస్తారు. వాళ్ల గురించి మన ఇళ్లల్లో రెండు మాటలు వినిపిస్తుంటాయి. ఒకటి, "వీళ్లందరికీ మన గవర్నమెంట్ స్కాలర్‌షిప్ ఇస్తుంది, ఫ్రీగా చదువుకుంటారు." రెండోది దానికి పూర్తిగా రివర్స్, "బాగా డబ్బున్నోళ్లు, అద్దె ఎంత చెప్పినా ఇస్తారు."

రెండూ తప్పే. మన దేశానికి వచ్చే ఆఫ్రికా విద్యార్థుల్లో ఎక్కువమంది సొంత ఖర్చు మీద చదివేవాళ్లు. వాళ్లలో పొలమో ఇల్లో అమ్మి పంపిన కుటుంబాలు కూడా ఉన్నాయి. స్కాలర్‌షిప్ వచ్చినవాళ్లకైనా అన్నీ ఫ్రీ అనుకుంటే పొరపాటు. నేను బీకామ్ చదివినోణ్ని, అందుకే ఏ స్కాలర్‌షిప్ ప్రకటన చూసినా మొదట వెతికేది ఎంతిస్తారని కాదు, ఏది ఇవ్వరు అని. ఫీజు ఇస్తారు, టికెట్ ఇవ్వరు. నెలనెలా డబ్బులిస్తారు, కానీ మొదటి నెల డబ్బులు రావడానికి రెండు నెలలు పడుతుంది. పిల్లల చదువులు ఆగిపోయేది చాలాసార్లు ఈ మధ్య ఖాళీలోనే.

ఇది ఇప్పటి కథ కాదు. 1950ల చివర్లో కెన్యా ఇంకా బ్రిటిష్ వాళ్ల చేతుల్లో ఉంది. తూర్పు ఆఫ్రికా మొత్తానికి డిగ్రీ చదవాలంటే ఉగాండాలోని మకెరెరె కాలేజీయే దిక్కు, అక్కడ సీట్లు కొన్నే. అమెరికాలోని కాలేజీలు కెన్యా పిల్లలకి సీట్లు, స్కాలర్‌షిప్‌లు ఇవ్వడానికి ముందుకొచ్చాయి. లేఖలు చేతికి వచ్చాయి. కానీ నైరోబి నుంచి న్యూయార్క్‌కి విమానం ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? టామ్ ఎంబోయా అనే యువ కార్మిక నాయకుడు 1959లో అమెరికా అంతా తిరిగి చందాలు పోగుచేశారు. బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్, గాయకుడు హ్యారీ బెలఫాంటే, నటుడు సిడ్నీ పాటియే ఆయన తరఫున జనాన్ని డబ్బులు అడిగారు. ఆ సెప్టెంబర్‌లో 81 మంది విద్యార్థులు ఒక చార్టర్ విమానంలో బయల్దేరారు. మరుసటి ఏడాది మళ్లీ డబ్బుల ఇబ్బందే. అమెరికా ప్రభుత్వం మొదట కాదంది. అప్పటికి అధ్యక్ష ఎన్నికల బరిలో ఉన్న జాన్ కెనెడీ కుటుంబ ఫౌండేషన్ లక్ష డాలర్లు ఇచ్చింది. 1963 దాకా సుమారు 800 మంది ఇలా వెళ్లారు. 1960లో వెళ్లిన వాళ్లలో వంగారి మాథాయ్ ఒకరు. 2004లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నది ఆవిడే.

గమనించారా? ఆ చందాలు ప్రధానంగా ఫీజుల కోసం కాదు, టికెట్ల కోసం.

ఇప్పుడు మన దేశం ఇచ్చేది చూద్దాం. ఆఫ్రికా విద్యార్థులకి భారత ప్రభుత్వ స్కాలర్‌షిప్ అంటే ఎక్కువగా ఐసీసీఆర్. 1950లో మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ స్థాపించిన సంస్థ అది. 2015 అక్టోబర్‌లో ఢిల్లీలో జరిగిన భారత్-ఆఫ్రికా శిఖరాగ్ర సమావేశంలో ఐదేళ్లలో 50 వేల స్కాలర్‌షిప్‌లు ఇస్తామని ప్రధాని ప్రకటించారు. 2019లో మొదలైన ఈ-విద్యాభారతి కింద ఇంకో 15 వేల మందికి ఇంటి దగ్గర నుంచే ఆన్‌లైన్‌లో ఉచితంగా చదివే అవకాశం అన్నారు. పేపర్లో చదివితే పెద్ద అంకెలే. కాకపోతే ఇలాంటి లెక్కల్లో కొన్ని నెలల ట్రైనింగ్, మూడేళ్ల డిగ్రీ ఒకే వరసలో కూర్చుంటాయి.

ఐసీసీఆర్ కింద ఎంపికైన విద్యార్థి ట్యూషన్ ఫీజు నేరుగా యూనివర్సిటీకి వెళ్తుంది. చేతికి వచ్చే భత్యం డిగ్రీకి నెలకి 18 వేలు, పీజీకి 20 వేలు, పీహెచ్‌డీకి 22 వేల రూపాయలు. ఇంటి అద్దెకి, పుస్తకాలకి వేరేగా కొంత ఉంటుంది. దరఖాస్తుకి ఫీజు లేదు. ఒకే దరఖాస్తులో ఐదు యూనివర్సిటీలు ఎంచుకోవచ్చు. ఎంబీబీఎస్, డెంటల్ మాత్రం దీని కింద రావు. డాక్టర్ చదువు కోసం వచ్చే ఆఫ్రికా పిల్లలకి ఈ తలుపు మూసే ఉంటుంది.

విమానం టికెట్ కొన్ని పథకాల్లో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఆరోగ్య బీమా విద్యార్థే తీసుకోవాలి. భత్యం కూడా దిగిన రోజే రాదు. కాలేజీలో చేరినట్టు కాగితం, ఎఫ్ఆర్ఆర్ఓలో రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా, ఇవన్నీ అయ్యాకే మొదలవుతుంది. అప్పటిదాకా రూముకి అడ్వాన్సు, వంట గిన్నెలు, పరుపు, ఆటో చార్జీలు సొంత జేబులోంచే. ఇంకో మాట. బ్రిటన్‌లో డిగ్రీ స్థాయి విద్యార్థి వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. జర్మనీలో ఏడాదికి 140 రోజులు. మన దేశంలో స్టూడెంట్ వీసా మీద పార్ట్ టైమ్ ఉద్యోగం చేయకూడదు. అంటే భత్యం ఆలస్యమైనా, ఇంటి నుంచి డబ్బు ఆగినా, ఇక్కడి విద్యార్థికి చట్టబద్ధంగా సంపాదించుకునే దారి లేదు.

మన పిల్లలకి కూడా ఈ ఇబ్బంది కొత్తేం కాదు. తెలంగాణ మైనారిటీ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 20 లక్షల రూపాయలు. కానీ మొదటి విడత వచ్చేది అక్కడ దిగిన కాగితం చూపించాకే, రెండోది మొదటి సెమిస్టర్ మార్కులు చూపించాక. దిగడానికి డబ్బు ముందు మనమే చూసుకోవాలి కదా. అమీర్‌పేటలో కన్సల్టెన్సీ మెట్లెక్కిన ప్రతి అబ్బాజాన్‌కీ ఈ బాధ తెలుసు.

పైసా పడిపోతే

సొంత ఖర్చు మీద చదివే ఆఫ్రికా విద్యార్థికి అసలు దెబ్బ మరోచోట తగులుతుంది. నైజీరియానే తీసుకోండి. 2023 జూన్‌లో అక్కడి సెంట్రల్ బ్యాంకు నైరా విలువని మార్కెట్‌కి వదిలేసింది. అంతకుముందు డాలర్‌కి 460 నైరాల చుట్టూ ఉన్న రేటు 2024 మొదట్లోకి వచ్చేసరికి 1,500 దాకా పోయింది. చాలా యూనివర్సిటీలు విదేశీ విద్యార్థుల ఫీజుని డాలర్లలోనే చెప్తాయి. ఏడాదికి 2,000 డాలర్ల ఫీజు అనుకుందాం. లాగోస్‌లో ఒక తండ్రి మొదట 9 లక్షల 20 వేల నైరాలు కడితే సరిపోయేది. ఏడాది తిరక్కుండానే అదే ఫీజుకి 30 లక్షలు కట్టాలి. ఆయన జీతం మాత్రం మూడింతలు కాలేదు. కాలేజీ ఒక్క రూపాయి ఫీజు పెంచలేదు, అయినా చదువు మూడింతలు ఖరీదైంది.

ప్రభుత్వం పంపిన పిల్లలకీ ఇదే గతి పట్టింది. నైజీరియా కొన్ని దేశాలతో ఒప్పందం చేసుకుని రష్యా, మొరాకో లాంటి చోట్లకి విద్యార్థుల్ని పంపేది. ఫీజు ఆ దేశం భరిస్తుంది, ఖర్చులకి భత్యం నైజీరియా పంపాలి. ఆ భత్యం నెలల తరబడి ఆగిపోయి పిల్లలు నానా అవస్థలు పడ్డారు. చివరికి 2025లో ఆ పథకాన్నే ఆపేస్తున్నట్టు అక్కడి విద్యా మంత్రి ప్రకటించారు. ఇద్దరు కలిసి భరించే స్కాలర్‌షిప్‌లో ఇద్దరిలో బలహీనుడు ఎవరో చూసుకోవాలి. ఒకరు చెయ్యెత్తేస్తే మిగతా సగం కూడా పనికిరాదు.

నిజంగా అన్నీ ఇచ్చేవి లేవా అంటే ఉన్నాయి. మాస్టర్‌కార్డ్ ఫౌండేషన్ 2012లో మొదలుపెట్టిన స్కాలర్స్ ప్రోగ్రాం ఆఫ్రికాలోని పేద కుటుంబాల పిల్లల కోసమే. ఎడిన్‌బరో, కేంబ్రిడ్జ్, బేరూత్ అమెరికన్ యూనివర్సిటీ, ఆఫ్రికాలోనే మకెరెరె, కేప్‌టౌన్ లాంటివి అందులో భాగస్వాములు. దరఖాస్తు ఫౌండేషన్‌కి కాదు, యూనివర్సిటీకే చేయాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. బ్రిటన్ ఇచ్చే చీవెనింగ్‌లోనూ ఫీజు, భత్యం, టికెట్ అన్నీ వస్తాయి, కాకపోతే రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉండాలి, చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. తుర్కియే ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లో ఫీజు, హాస్టల్, భత్యం, బీమా, వెళ్లడానికీ రావడానికీ టికెట్, పైగా ఒక ఏడాది టర్కీ భాష నేర్పడం కూడా ఉంటుంది. దరఖాస్తులు సాధారణంగా జనవరి 10 నుంచి ఫిబ్రవరి 20 దాకా. డిగ్రీకి 21 ఏళ్ల లోపు వయసు ఉండాలి. చైనా కూడా 2018లో ఆఫ్రికాకి 50 వేల ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు ప్రకటించింది. ఆ ఒక్క ఏడాదే చైనాలో 81,562 మంది ఆఫ్రికా విద్యార్థులు ఉన్నారు. అందులోనూ స్కాలర్‌షిప్ లేనివాళ్లే ఎక్కువ.

జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజే లేదు. వినడానికి బాగుంటుంది. కానీ వీసా కావాలంటే ఏడాది ఖర్చు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో పెట్టి చూపించాలి, ఇప్పుడది 11,904 యూరోలు. ఫ్రీ చదువు కోసం ముందు పది లక్షల రూపాయల పైన బ్యాంకులో ఉండాలన్నమాట. ఘనాలోనో ఇథియోపియాలోనో ఒక టీచర్ ఇంట్లో అంత డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

రొట్టె, చాప, దీపం

ముస్లింల చరిత్రలో ఈ సమస్యకి ఒక పాత జవాబు ఉంది, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. 13వ శతాబ్దంలో చాద్ సరస్సు ప్రాంతంలో కానెమ్ అనే ముస్లిం రాజ్యం ఉండేది. అక్కడి వాళ్లు హజ్‌కి వెళ్తూ కైరోలో ఆగేవాళ్లు. తమ పిల్లలు అక్కడ చదువుకోవడానికి చోటు కావాలని ఖాజీ ఇబ్న్ రషీక్‌కి డబ్బిచ్చి ఒక మదరసా కట్టించారని చరిత్రకారుడు మఖ్రీజీ రాశారు. అంటే విదేశంలో చదివే ఆఫ్రికా విద్యార్థుల కోసం ఆఫ్రికా వాళ్లే పెట్టుకున్న వసతి అది, దాదాపు 780 ఏళ్ల కిందట.

తర్వాత అల్ అజ్‌హర్‌లో రివాఖ్ పద్ధతి వచ్చింది. ఒక్కో ప్రాంతం విద్యార్థులకి ఒక్కో వసతి. బోర్నూ వాళ్లకొకటి, ఇథియోపియా-సోమాలియా వైపు నుంచి వచ్చే జబర్తీలకొకటి. వాటికి వక్ఫ్ ఆస్తులుండేవి, ఆ ఆదాయంలోంచి విద్యార్థికి రోజూ రొట్టెలు అందేవి. నెపోలియన్ ఈజిప్టు మీదికి వచ్చినప్పటి సంగతులు రాసిన ప్రసిద్ధ చరిత్రకారుడు అబ్దుర్రహ్మాన్ అల్ జబర్తీ పూర్వీకులు ఆ జబర్తీ విద్యార్థులే. ఇక్కడ లెక్క చూడండి. ఫీజు గురించి ఎవరూ మాట్లాడలేదు. పడుకునే చోటు, తినే తిండి ముందు చూశారు. ఇప్పటి స్కాలర్‌షిప్‌ల కన్నా ఇది తెలివైన పద్ధతి అని నాకనిపిస్తుంది.

ఆ దారి పూర్తిగా పోలేదు. అజ్‌హర్‌లో ఇప్పటికీ విదేశీ విద్యార్థులకి ప్రత్యేక హాస్టళ్లున్నాయి. 1961లో మొదలైన మదీనా ఇస్లామిక్ యూనివర్సిటీ విదేశీ విద్యార్థులకి చదువు, వసతి, భత్యం, టికెట్ ఇస్తుంది. పశ్చిమ ఆఫ్రికా నుంచి అక్కడికి వెళ్లేవాళ్లు చాలామంది. జెద్దాలోని ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంక్ సభ్యత్వం లేని దేశాల్లోని ముస్లిం పిల్లల కోసం 1983లో స్కాలర్‌షిప్ పెట్టింది. కెన్యా, టాంజానియా ఆ లెక్కలోకి వస్తాయి, మన దేశం కూడా వస్తుంది. విద్యార్థికి ఇచ్చేది ఖర్జె హసనా, వడ్డీ లేదు. ఉద్యోగం వచ్చాక తిరిగి కట్టాలి, అదీ బ్యాంకుకి కాదు, అక్కడి ముస్లిం సమాజం ట్రస్టుకి. ఆ డబ్బు తర్వాతి పిల్లల చదువుకి వెళ్తుంది. మన దగ్గర కూడా దీంతో ఇంజనీర్లు, డాక్టర్లు అయినవాళ్లున్నారు. వాళ్లు కట్టారా లేదా అన్నది వాళ్లనే అడగాలి!

సూడాన్ పిల్లల సంగతి

2023 ఏప్రిల్ 15న ఖార్తూమ్‌లో యుద్ధం మొదలైంది. ఒక్క రోజులో బ్యాంకులు మూతపడ్డాయి, డబ్బు పంపే తండ్రే ఇల్లు వదిలి పారిపోయాడు. అప్పటిదాకా సూడాన్ కూడా ఆఫ్రికా విద్యార్థుల్ని పిలిచి చదివించే దేశమే. ఖార్తూమ్ ఇంటర్నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ ఆఫ్రికాలో ఎన్నో దేశాల పిల్లలుండేవాళ్లు. వాళ్లలో నైజీరియా విద్యార్థుల్ని బస్సుల్లో ఈజిప్టు సరిహద్దుకి చేర్చాల్సొచ్చింది.

ఇక్కడ హైదరాబాద్‌లో ఉన్న సూడాన్ పిల్లలకి అటు వెళ్లడానికి ఇల్లు లేదు, ఇటు ఫీజుకి డబ్బు లేదు. మా గల్లీలో ఉండే ఒక కుర్రాడు ఎంకామ్ చదువుతున్నాడు, అకౌంటెన్సీ లెక్కల కోసం నా దగ్గరికి వస్తుంటాడు. ఐరాస శరణార్థుల సంస్థ 1992 నుంచి డాఫీ అనే స్కాలర్‌షిప్ ఇస్తుంది కదా, దానికి పెట్టుకోలేదా అని అడిగాను. "భాయ్, అది శరణార్థిగా నమోదైనవాళ్లకి. నేను స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. శరణార్థినని రాయిస్తే నా వీసా ఏమవుతుందో" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. రూల్ తప్పని కాదు. వాడి లాంటి వాళ్లు ఏ ఫారంలోనూ పట్టరు, అంతే.

వాడికి ఇప్పుడు కావాల్సింది లక్షలు కూడా కాదు. ఆర్నెల్లకి మించిన వీసా మీద వచ్చిన విదేశీ విద్యార్థి 14 రోజుల్లో ఎఫ్ఆర్ఆర్ఓలో నమోదు చేసుకోవాలి. దానికి అద్దె అగ్రిమెంట్ కావాలి. విదేశీయుణ్ని ఇంట్లో పెట్టుకున్న ఓనర్ 24 గంటల్లో ఆ వివరాల ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. మన దగ్గర చాలామంది ఓనర్లు "కాగితాలొద్దు భాయ్, క్యాష్ ఇచ్చెయ్" అంటారు. ఓనర్‌కి అది చిన్న విషయం. కుర్రాడికి మాత్రం రిజిస్ట్రేషన్ ఆగుతుంది, రిజిస్ట్రేషన్ లేకపోతే బ్యాంకు ఖాతా ఆగుతుంది, ఖాతా లేకపోతే వచ్చిన స్కాలర్‌షిప్ కూడా ఆగుతుంది. మీ ఇంట్లో ఆఫ్రికా విద్యార్థులు అద్దెకుంటే ఆ ఫారం నింపడానికి ఫీజు ఏమీ లేదు, పట్టేది అరగంట. అద్దె చెక్కు రూపంలోనో ఆన్‌లైన్‌లోనో తీసుకోండి, రసీదు ఇవ్వండి. స్కాలర్‌షిప్ ఇప్పిస్తామని ఎవరైనా వాళ్లని ప్రాసెసింగ్ ఫీజు అడుగుతుంటే ఆపండి. ఐసీసీఆర్‌కీ తుర్కియే స్కాలర్‌షిప్‌కీ దరఖాస్తు ఉచితమే.