చెయ్యి పెట్టావా?



2017 వేసవిలో నా పనిలో జరిగిన సంగతి ఇది. చెప్పుకోవడానికి సిగ్గే. అయినా పశువులున్న ప్రతి కుటుంబానికి పనికివస్తుందని వ్రాస్తున్నాను.

నేను ఒక పల్లెటూరి పశువైద్యశాలలో అటెండరును. ఆ రోజు డాక్టరుగారు పొరుగూరికి టీకాలు వేయడానికి వెళ్లారు. మా సంఘంలోని ఒక విధవరాలు, పన్నెండేళ్ల మనవడు కలిసి గేదెను తోలుకొచ్చారు. నోటివెంట చొంగ తీగలుగా కారుతోంది. మేత ముట్టదు, నీళ్లు మింగలేదు, అరుపు బొంగురుపోయింది.

"మామిడి టెంక అడ్డుపడిందేమో, చూడు నాయనా" అన్నదామె.

నాకూ అలాగే తోచింది. తొడుగులు బీరువాలో ఉన్నా తీయలేదు. వట్టి చెయ్యి గొంతుదాకా పెట్టాను. టెంక లేదు. పళ్లు గీరుకుని వేలు తెగింది. పిల్లవాడు దవడ పట్టుకుని సాయం చేశాడు. గడ్డి కోసి కోసి వాని చేతులూ చీరుకుపోయి ఉన్నాయి.

మరునాడు గేదె కట్టుగుంజను కుమ్మసాగింది. ఆ మరునాటికి వెనుక కాళ్లు పడిపోయి చచ్చిపోయింది. డాక్టరుగారు వాళ్లింటికి వెళ్లి విచారిస్తే, నెల క్రితం బీడులో ఒక కుక్క దాని మూతి కరిచిందని తెలిసింది. ఆస్పత్రికి తిరిగి వచ్చి, "దాని నోట్లో చెయ్యి పెట్టావా?" అని నన్నడిగారు.

"లేదండీ" అన్నాను.

ఇన్నేళ్ల అనుభవముండి ఇంత తెలివితక్కువ పని చేశానని అనిపించుకోలేక ఆ మాట వచ్చేసింది. ఆ రాత్రి మోకరించాను గాని ప్రార్థన సాగలేదు. పిల్లవాని సంగతి చెబితే నా సంగతి బయటపడుతుంది. చెప్పకపోతే వాని ప్రాణానికి ఎవరు ఉత్తరవాదులు?

తెల్లవారకముందే డాక్టరుగారి తలుపు తట్టి నిజం చెప్పాను. ఆయన తిట్టలేదు. "ముందు సబ్బుతో చెయ్యి కడుగు" అన్నారు. ఇద్దరమూ పిల్లవాని ఇంటికి పరుగెత్తాము. కరవలేదు గనుక పసరు మందు చాలునని ఆమె అంటుంటే, మా పాస్టరుగారు వచ్చి, "అమ్మా, నేను ప్రార్థన చేస్తాను. మీరు బస్సెక్కండి" అన్నారు.

ప్రభుత్వాస్పత్రిలో మా ఇద్దరి గాయాలలో సీరం వేశారు. టీకా ఆ రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో చేతికి వేశారు. ఒకప్పటిలా బొడ్డు చుట్టూ పొడిచే 14 సూదులు ఇప్పుడు లేవు. దేవుని కృపవలన ఇద్దరమూ క్షేమంగా ఉన్నాము.

ఈ సంగతులు గుర్తుంచుకోండి. రేబిస్ కరిస్తేనే కాదు, చొంగ గాయానికి తగిలినా రావచ్చు. వెంటనే పారే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు పెట్టకూడదు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. లక్షణాలు కనబడిన తర్వాత దాదాపు ఎవరూ బ్రతకరు. అంతకుముందే టీకా వేస్తే ప్రాణం దక్కుతుంది. చొంగ కారుస్తూ మింగలేని పశువు నోట్లో వట్టి చెయ్యి పెట్టకండి. కుక్కలకు ఏటేటా టీకా వేయించండి. 1885 జూలై 6న పాశ్చర్ ఒక బాలునికి ఈ టీకా వేసిన జ్ఞాపకార్థం, ఏటా ఆ రోజున చాలా పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా వేస్తారు.

గుంటలో పడిన ఎద్దును వెంటనే పైకి తీయడం గురించి ప్రభువు మాట్లాడారు. నేను తీయబోయింది టెంకను. ప్రభువు నాలోనుండి తీసింది అబద్ధాన్ని. సామెతలు 28వ అధ్యాయం 13వ వచనం ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో చదువుకోండి.