మీకు తెలుసా? తెల్లగీత పట్టిచ్చే లోపం

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి ఏమైందో అది కొట్టిన కాగితమే చాలావరకు చెప్పేస్తుంది. ప్రతి లైనులోనూ అక్షరాలను ఒకే ఎత్తులో కోస్తూ సన్నని తెల్లగీత పోతోందా? హెడ్‌లోని 9 లేదా 24 పిన్నుల్లో ఒకటి విరిగి ఉండొచ్చు, లేదా ఇంకు, కాగితం పొట్టు పట్టి బిగుసుకుపోయి ఉండొచ్చు. రిబ్బన్ మార్చినా ఆ గీత పోదు. అక్షరాలన్నీ ఒకేలా వెలిసిపోతే మాత్రం ముందు రిబ్బన్‌నే అనుమానించాలి. అదీ కొత్తదే అయితే, కార్బన్ కాపీల కోసం పెంచిన హెడ్ గ్యాప్‌ని ఒంటి కాగితానికి మళ్లీ తగ్గించారో లేదో చూడాలి. ఆ గ్యాప్‌ని మార్చే చిన్న మీట ఎవరికీ గుర్తుండదు!

కాగితం ఏటవాలుగా పోయి ఇరుక్కుంటోందా? అంచుల్లో అర అంగుళానికొకటి ఉండే చిల్లులు చూడండి. కాగితాన్ని లాగే ట్రాక్టర్ పళ్లకు ఎడమవైపు కంటే కుడివైపు ఒక్క చిల్లు తేడాగా తగిలించినా చాలు, నాలుగు లైన్లకే చిరుగుతుంది. అంటించే లేబుళ్లను మాత్రం వెనక్కి తిప్పకండి. లోపల ఊడి అతుక్కుంటే ఇక మెకానిక్కే దిక్కు.

చాలా ఎప్సన్ మోడళ్లలో ఎల్ఎఫ్/ఎఫ్ఎఫ్ బటన్ నొక్కిపట్టి స్విచ్చి వేస్తే ప్రింటర్ తనంతట తానే పరీక్ష కాగితం కొడుతుంది. అది శుభ్రంగా వస్తే, లోపం వెతకాల్సింది కేబుల్‌లోనో కంప్యూటర్‌లోనో.