బిడ్డ తరఫున వకాల్తా

తెలుగులో చిరకాలంగా స్థిరపడిన ‘వకాల్తా’ అన్న మాట అరబీ ‘వకాలత్’ నుండి వచ్చినది. ఒకరు తన పనిని మరొకరికి అప్పగించడం దాని అర్థం. అప్పగించే శక్తి కూడా లేనివానికి ‘వలీ’, అనగా సంరక్షకుడు, ఉంటాడు. అల్ బఖరా సూరా 282వ ఆయతు రుణపత్రాలను గురించి చెబుతూ, రుణగ్రస్తుడు బుద్ధిబలం చాలనివాడైతే అతని సంరక్షకుడు న్యాయంగా చెప్పి వ్రాయించాలని ఆదేశిస్తుంది. అట్టివాని మాట కూడా కాగితం మీదికి ఎక్కి తీరాలన్నమాట. బుద్ధిమాంద్యమో, ఆటిజమో, చదువులో ప్రత్యేక ఇబ్బందో గల పిల్లల తల్లిదండ్రులు నేడు చేయవలసి వస్తున్నది సరిగ్గా ఈ పనే.

హైదరాబాదు తూర్పు భాగంలో ఈ విషయానికి పాత చరిత్ర ఉంది. 1968లో స్థాపితమైన ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ దిల్‌సుఖ్‌నగర్ వివేకానందనగర్‌లో బుద్ధిమాంద్యం గల పిల్లలకు శిక్షణ నిచ్చింది. కేంద్రప్రభుత్వపు జాతీయ సంస్థ సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో వెలసినది 1984లో, అంటే పదహారేళ్ళ తరువాత. అయినా అదే దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ దాకా ఉన్న కోచింగు సెంటర్ల, ప్రైవేటు బడుల వరుస చూస్తే, ర్యాంకు రాని పిల్లవానికి ఇక్కడ చోటెక్కడ అన్న సందేహం ఏ తల్లికైనా కలుగుతుంది. “మీ అబ్బాయికి మా బడి సరిపడదండీ” అని మర్యాదగా చెప్పి పంపివేస్తే ఆమె మారుమాట లేకుండా వెనుదిరుగుతుంది. సిగ్గుపడి కొందరు ఇంట్లోనే ఉంచేస్తారు.

అయితే చట్టం ఆమె పక్షాన ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షను ప్రకారం ప్రభుత్వ నిధులు పొందే బడులే కాదు, ప్రభుత్వ గుర్తింపు పొందిన బడులు కూడా వివక్ష లేకుండా చేర్చుకోవాలి. ప్రైవేటు బడికి ఇది వర్తించదనుకోవడం పొరపాటు. నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్లు ధ్రువీకరణ పొందిన పిల్లలకు 6 నుండి 18 ఏళ్ళ వరకు దగ్గరి బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య హక్కు. పరీక్షలో అదనపు సమయం, వ్రాసిపెట్టే సహాయకుడు, రెండవ, మూడవ భాషల మినహాయింపు కూడా చట్టంలోనే ఉన్నాయి. 1995 నాటి పాత చట్టపు జాబితాలో ఆటిజం లేదు, చదువులో ప్రత్యేక ఇబ్బందులూ లేవు. కొత్త చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో రెండూ చేరాయి. ఈ సంగతి కొందరు ఉపాధ్యాయులకే తెలియదు!

కనుక నోటిమాటతో తిరిగి రాకూడదు. దరఖాస్తు వ్రాసి ఇచ్చి, నకలు మీద సంతకం, తేదీ తీసుకోవాలి. చేర్చుకోమంటే కారణం వ్రాతలో అడగాలి. ఆ కాగితం ఉంటేనే రాష్ట్ర వికలాంగుల కమిషనరు ముందు ఫిర్యాదు నిలుస్తుంది. కమిషనరు సిఫారసు చేస్తే, దానిపై తీసుకున్న చర్యను సంబంధిత అధికారులు మూడు నెలలలోగా తెలపాలి.

ఇక పద్దెనిమిదేళ్ళు నిండిన నాటి సంగతి. బిడ్డ బుద్ధి ఎదగకున్నా చట్టం దృష్టిలో మేజరు; తల్లిదండ్రుల సంరక్షకత్వం తనంతట తాను కొనసాగదు. బ్యాంకు ఖాతా వద్దో, తండ్రి మరణించి ఆస్తి పంచుకొనేటప్పుడో ఈ చిక్కు బయటపడుతుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం గలవారికి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం క్రింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన గల స్థానిక కమిటీ సంరక్షకుని నియమిస్తుంది. ఎల్.బి.నగర్ రంగారెడ్డి జిల్లాలోనిది. దాని కలెక్టరేటు 2022లో కొంగరకలాన్‌కు తరలింది. మలక్‌పేట హైదరాబాదు జిల్లాలోనిది. మెట్రోలో కొద్ది స్టేషన్ల దూరమే అయినా కలెక్టరు మారతాడు కాబట్టి, తమ ఇల్లు ఏ జిల్లాలో ఉందో ముందే తెలుసుకొని, బిడ్డ మేజరయ్యే ఏడాదికి ముందునుండే కాగితాలు సిద్ధం చేసుకోవడం మంచిది.