రెండో అంకె గట్టెక్కించిన గిరి

1969 ఆగస్టు 10న వరాహగిరి వెంకటగిరికి 75 ఏళ్లు నిండాయి. రాష్ట్రపతి ఎన్నికకు ఇంకా ఆరు రోజులే ఉంది. మూడు వారాల కిందటి దాకా ఆయన తాత్కాలిక రాష్ట్రపతి. ఇప్పుడు చేతిలో పదవి లేదు, వెనక సొంత పార్టీ అంటూ లేదు. బరిలో ఆయన ఉత్త స్వతంత్ర అభ్యర్థి. ఎదురుగా ఉన్నది కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, కాంగ్రెస్ మాజీ అధ్యక్షుడు, నిన్నటి లోక్‌సభ స్పీకరు. మామూలు రోజుల్లో అయితే రెడ్డిగారికి ఈ గెలుపు నల్లేరు మీద బండినడకే.

కానీ అవి మామూలు రోజులు కావు.

మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి గిరి ఆ బాధ్యతలు అందుకున్నారు. జులైలో బెంగుళూరులో కూర్చున్న కాంగ్రెస్ పెద్దలు ప్రధాని ఇందిరాగాంధీ మాట కాదని సంజీవరెడ్డిని ఖాయం చేశారు. ఆమె జగ్జీవన్‌రామ్ పేరు చెప్పినా చెల్లలేదు. నిజలింగప్ప, కామరాజ్, ఎస్.కె. పాటిల్ వంటి ఈ పెద్దల జట్టునే పత్రికలు సిండికేట్ అన్నాయి. ఇందిర నోరు మెదపకుండా సంజీవరెడ్డి నామినేషన్ పత్రం మీద సంతకం పెట్టారు. ఆ సంతకాన్ని ఆమే నీళ్లలో కలిపేస్తారని అప్పటికి ఎంతమంది ఊహించారో!

దెబ్బ మాత్రం వెంటనే మరోచోట తగిలింది. జులై 16న మొరార్జీ దేశాయ్ చేతిలోంచి ఆర్థిక శాఖ పోయింది, ఆయన రాజీనామా చేశారు. 19న 14 పెద్ద బ్యాంకులు జాతీయమయ్యాయి. ఆ ఆర్డినెన్స్ మీద సంతకం గిరిదే. 1954లో బ్యాంకు ఉద్యోగుల తీర్పు విషయంలో ప్రభుత్వంతో పేచీపడి నెహ్రూ మంత్రివర్గం నుంచి బయటికొచ్చిన కార్మిక మంత్రి కూడా ఆయనే. జాతీయకరణ జరిగిన మర్నాడే గిరి ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా చేశారు. ఇందులో చిన్న తమాషా ఉంది. రాజ్యాంగం ప్రకారం ఉపరాష్ట్రపతి తన రాజీనామాను రాష్ట్రపతికి ఇవ్వాలి. ఆ రోజు రాష్ట్రపతి కుర్చీలో ఉన్నదీ ఆయనే! తర్వాత నెల రోజులు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ఆ కుర్చీ కనిపెట్టుకుని ఉన్నారు.

బలవంతుడితో తలపడటం గిరికి కొత్త కాదు. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, తిరిగొచ్చి రైల్వే కార్మికుల్ని కూడగట్టిన మనిషి. 1937లో బొబ్బిలి రాజావారి మీద బొబ్బిలిలోనే నిలబడి గెలిచారు. రాజావారు జస్టిస్ పార్టీ నాయకుడు, అంతకుముందు దాకా మద్రాసు రాజధానికి ప్రధానమంత్రి. కాకపోతే బొబ్బిలిలో ఓటేసింది జనం. రాష్ట్రపతి ఎన్నికలో ఓట్లు ఎంపీలవి, ఎమ్మెల్యేలవి. ఊరూరా తిరిగి ఉపన్యాసాలిస్తే రాలే ఓట్లు కావవి.

పైగా ఆ ఓట్లన్నీ ఒక్క తూకం కాదు. అప్పట్లో ఒక ఎంపీ ఓటు విలువ 576. ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేది 125, ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యేది 174. ఓటరు ఒక్క పేరు ఎదుట 1 వేసి ఊరుకోవచ్చు, లేదా మిగతా పేర్లకు 2, 3 అంటూ వరస ఇవ్వచ్చు. సగం దాటిన ఓట్లు ఎవరికీ రాకపోతే అట్టడుగున ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే తప్పిస్తారు. వాళ్ల బ్యాలెట్ల మీద తర్వాతి అంకె ఎవరికి ఉందో చూసి ఆ ఓటు వాళ్లకు కలుపుతారు.

ఈ రెండో అంకె దగ్గరే సిండికేట్ కాలుజారింది. స్వతంత్ర పార్టీ, జనసంఘ్ తమ అభ్యర్థిగా మాజీ ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ను నిలబెట్టాయి. వాళ్ల రెండో ప్రాధాన్య ఓట్లు సంజీవరెడ్డికి వేయించమని కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప ఆ పార్టీల నాయకులను కలిశారు. లెక్క ప్రకారం తెలివైన పనే, ఆ సంగతి ఓట్ల లెక్కింపులో తేలింది కూడా. కానీ రాజకీయంగా ఇందిర వర్గానికి కావలసిన ఆయుధం చేతికొచ్చింది. మితవాదులతో మంతనాలేమిటని జగ్జీవన్‌రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంజాయిషీ అడిగారు. సంజీవరెడ్డికే ఓటేయమని విప్ ఇవ్వడానికి ప్రధాని ఒప్పుకోలేదు. పోలింగు ముంగిట ఆమె నోట వచ్చిన మాట ‘ఆత్మప్రబోధం’ మేరకు ఓటేయమని. కమ్యూనిస్టులు, డీఎంకే, అకాలీలు అప్పటికే గిరి వైపు ఉన్నారు. ఇప్పుడు కాంగ్రెస్ గోడకే కన్నం పడింది.

ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు. బరిలో 15 మంది. తొలి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవడానికి కావలసింది 4,18,169. ముందంజలో ఉన్నా గిరి ఇంకా గట్టెక్కలేదు. చిన్నాచితకా అభ్యర్థులు పోయాక దేశ్‌ముఖ్ కట్టలు విప్పారు. నిజలింగప్ప మంతనాలు వృథా పోలేదని అప్పుడు తెలిసింది. తొలి లెక్క తర్వాత చేతులు మారిన ఓట్లలో 91,879 రెడ్డి ఖాతాలో పడగా గిరికి దక్కినవి 18,562 మాత్రమే. 88 వేల ఆధిక్యం కరిగి కరిగి చివరికి 14,650 దగ్గర ఆగింది. గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427. ఎంపీల ఓట్లలో చెప్పాలంటే 13 మంది ఇటునుంచి అటు జరిగి ఉంటే ఫలితం తిరగబడేది. రెండో ప్రాధాన్య ఓట్ల దాకా వెళ్లి తేలిన రాష్ట్రపతి ఎన్నిక మన దేశంలో అదొక్కటే.

గొడవ అక్కడితో ఆగలేదు. సంజీవరెడ్డిని కించపరుస్తూ పార్లమెంటు సెంట్రల్ హాల్లో కరపత్రం పంచారంటూ కేసు సుప్రీంకోర్టుకెక్కింది. రాష్ట్రపతి హోదాలో ఉన్న గిరి స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో పిటిషన్ కొట్టేశారు. ఆలోగానే, 1969 నవంబరులో, కాంగ్రెస్ రెండుగా చీలిపోయింది.

ఓడిన సంజీవరెడ్డి అనంతపురం వెళ్లి వ్యవసాయం చూసుకున్నారు. 1977లో నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచారు. రాష్ట్రంలోని 42 స్థానాల్లో జనతా పార్టీకి దక్కింది ఆ ఒక్కటే. ఆ జులైలో మళ్లీ రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. 37 నామినేషన్లు పడితే పరిశీలనలో 36 చెల్లకుండా పోయాయి. మిగిలింది సంజీవరెడ్డిది. ఈసారి లెక్కపెట్టడానికి ఒక్క ఓటు కూడా లేదు.