టిఫిన్ తర్వాతి అరగంట

నేరేడుచర్ల నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "తుంటి ఆపరేషన్ అయ్యాక మా మామయ్యకు నాలుగు రోజులు మోషన్ కాలేదు. మాత్ర ఇమ్మంటే సిస్టర్ ముందు ఇడ్లీ తినిపించి, వెంటనే కమోడ్ కుర్చీలో కూర్చోబెట్టింది. ఎందుకు?"

ఆ సిస్టర్‌కు దండం పెట్టాలి.

మంచం పట్టినవాళ్లకు కదలిక ఉండదు, నీళ్లు తక్కువ తాగుతారు, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు పేగు కదలికను మందగింపజేస్తాయి. ఇది చాలామందికి తెలిసిందే. అసలు ముచ్చట పెద్దపేగుది. రోజులో ఎక్కువసేపు అది లోపలున్నదాన్ని తాపీగా కలుపుతూ నీరు పీలుస్తుంటుంది. ఒక్కపెట్టున ముందుకు తోసే పెద్ద కదలిక మాత్రం రోజుకు కొన్నిసార్లే. పొద్దున లేచాక, అందులోనూ కడుపులో తిండి పడ్డాక, అది బలంగా వస్తుంది. జీర్ణాశయం సాగగానే నరాలు, హార్మోన్లు పెద్దపేగుకు కబురు చేరవేస్తాయి. మలాశయం నిండుతుంది, వెళ్లాలనిపిస్తుంది. బిగబడితే? మలాశయం సర్దుకుంటుంది, అక్కర తీరినట్టే ఉంటుంది, మలం మాత్రం మరింత ఎండుతుంది. పక్క మంచం చుట్టాలు చూస్తుండగా బెడ్‌పాన్ అడగలేక పెద్దాయన చేసేది ఇదే.

ఇంకొకటి. ఒక కండరం ఉచ్చులా మలాశయాన్ని ముందుకు లాగి మెలిక పెట్టి ఉంచుతుంది. గొంతుక్కూర్చుంటే ఆ మెలిక సడలుతుంది. వెల్లకిలా పడుకుంటే సడలదు. తుంటి ఆపరేషన్ అయినవాళ్లను గొంతుక్కూర్చోబెట్టలేం కనుక ఎత్తు కుర్చీ.

ఈ పేగును అపార్థం చేసుకున్నవాళ్లలో లండన్ సర్జన్ అర్బత్‌నాట్ లేన్‌ది పెద్దపీట. నిలవున్న మలం ఒళ్లంతా విషం చేస్తుందని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఏకంగా పెద్దపేగులే కోసేశాడు! ఆ మాట తేల్చడానికి 1922లో డొనాల్డ్‌సన్ అనే పరిశోధకుడు మనుషుల మలాశయంలో దూది కూరి చూశాడు. మలబద్ధకంలో వచ్చే తలనొప్పి, నీరసం అన్నీ వచ్చాయి. దూది తీయగానే పోయాయి. విషమే అయితే అంత త్వరగా ఎలా దిగుతుంది?

మిల్లుల్లో తవుడు పోగొట్టుకున్న తెల్లన్నం తింటాం కనుక పీచు తినమంటారు. నిజమే. కానీ నీళ్లు తాగని, నొప్పి మందుల మీదున్న రోగికి ఇసబ్‌గోల్ మాత్రమే పోస్తే లోపల ముద్ద కట్టొచ్చు. అలాంటివారికి విరేచనకారి మందు అవసరమే, అది డాక్టరు రాయాలి. వాంతులు, కడుపు ఉబ్బరం, గాలి కూడా పోకపోవడం ఉంటే ఏ మందూ వేయకుండా డాక్టరును పిలవాలి.

మరో తిరకాసు: గట్టి ముద్ద చుట్టూ పలుచగా జారేదాన్ని చూసి ఇంట్లోవాళ్లు విరేచనాలు కట్టే మాత్ర వేస్తారు. రోజూ ఎంత, ఎలా అయిందని అడిగి రాసుకునే నర్సే దాన్ని పట్టుకోగలదు. ఆమె మంచానికో తెర అడిగితే మాత్రం బడ్జెట్ లేదంటారు.