ట్రాక్టరు ట్రాలీతో ప్రయాణం: ప్రాణాలు కాపాడే జాగ్రత్తలు

పొలం పనులు మొదలయ్యాయంటే పల్లె రోడ్ల నిండా ట్రాక్టర్లే. నాట్లప్పుడు నారుకట్టలు, ఎరువులు. కోతలప్పుడు ధాన్యం, పత్తి, చెరకు. మిగతా రోజుల్లో ఇసుక, ఇటుక, కంకర. ఇవన్నీ మోసేది వెనక తగిలించిన ట్రాలీయే. దాన్ని కొన్ని చోట్ల ట్రక్కు అంటారు, కొన్ని చోట్ల తొట్టి అంటారు. పేరు ఏదైనా రైతు ఇంటికి అది ఎంత ఉపకారం చేస్తుందో, జాగ్రత్త తప్పితే అంత అపకారమూ చేస్తుంది.

నెమ్మదిగా పోయే బండితో ప్రమాదమేమిటి అని చాలామంది అనుకుంటారు. 2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లాలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు కాలవలో పడి 9 మంది చనిపోయారు. అదే సంవత్సరం జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మరో ట్రాక్టరు మూసీ కాలవలో పడి 15 మంది చనిపోయారు. పొద్దున్నే పనికి బయలుదేరిన కూలి తల్లులే వీరిలో ఎక్కువమంది. ట్రాక్టరు ప్రమాదాలకు వేగమొక్కటే కారణం కాదు. వెనక ఉన్న బరువు బండిని ఏం చేస్తుందో తెలియకపోవడమూ ఒక కారణమే. అది తెలిస్తే చాలా ప్రమాదాలను తప్పించుకోవచ్చు.

ట్రాలీ ఎందుకు అదుపు తప్పుతుంది?

ఎడ్లబండి తోలిన పెద్దలను అడిగి చూడండి. పల్లంలోకి దిగేటప్పుడు బండి ఎడ్ల మీదికి తోసుకొస్తుంది. ఎడ్లు కాళ్లు తన్నిపెట్టి ఆపుకుంటేనే అది నిలుస్తుంది. ట్రాలీ సంగతీ అంతే.

మన పొలాల్లో మామూలుగా వాడే ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులు. నింపిన ట్రాలీ బరువు 4, 5 టన్నుల దాకా ఉంటుంది. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. అంటే ట్రాక్టరు తన బ్రేకులతోనే తననూ ఆపుకోవాలి, తనకు రెండింతలున్న బరువునూ ఆపాలి. డ్రైవరు బ్రేకు తొక్కగానే ట్రాక్టరు నిదానిస్తుంది, ట్రాలీ మాత్రం ముందుకే వస్తుంది. రోడ్డు తిన్నగా ఉంటే ఆ తోపును ట్రాక్టరు కొంతవరకు తట్టుకుంటుంది. మలుపులో ఉంటే ట్రాలీ దాన్ని పక్కనుంచి తోసి అడ్డం తిప్పేస్తుంది. అప్పుడు రెండూ మధ్యకు మడతపడినట్టయి బోల్తా పడతాయి.

ఇంకొక సంగతి. వేగం రెండింతలైతే, బ్రేకు పట్టాక బండి ఆగడానికి కావలసిన దూరం నాలుగింతలవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో హాయిగా ఆగిన బండి, 40లో అదే చోట ఆగుతుందని అనుకోకూడదు.

బయలుదేరే ముందు ఏమి చూడాలి?

1. పిన్ను: ట్రాలీని తగిలించే పిన్ను అరిగిపోయి ఉండకూడదు. దాని కింద లాకు క్లిప్పు తప్పనిసరిగా ఉండాలి. మేకో, తీగముక్కో పెట్టి సరిపుచ్చకండి. గతుకుల్లో పిన్ను పైకి లేచి ఊడితే ట్రాలీ ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

2. గొలుసు: పిన్ను ఊడినా ట్రాలీ విడిపోకుండా ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య గట్టి గొలుసు ఉండాలి. మలుపు తిరిగేందుకు సరిపడా వదులు ఉంచాలి, నేలకు మాత్రం రాసుకోకూడదు.

3. తగిలించే చోటు: ట్రాలీని అందుకని ఉన్న కింది హుక్కుకే తగిలించాలి. వెనక చక్రాల ఇరుసు కంటే ఎత్తులో కట్టి లాగితే ముందు చక్రాలు గాలిలోకి లేచి, ట్రాక్టరు వెనక్కి తిరగబడి డ్రైవరు మీద పడుతుంది. బురదలో దిగబడిన బండిని గొలుసు కట్టి లాగేటప్పుడు ఇలా జరిగే భయం ఎక్కువ. దూకి తప్పించుకునే వ్యవధి కూడా ఉండదు.

4. బ్రేకు పెడళ్లు: ట్రాక్టరుకు కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి వేరువేరుగా బ్రేకు పెడళ్లు ఉంటాయి. దుక్కిలో మడి చివర బండిని తిప్పుకోవడానికి అవి అలా విడిగా ఉండాలి. రోడ్డు ఎక్కే ముందు మాత్రం రెండింటినీ కలిపే లాకు వేయాలి. ఒక్క పెడలే తొక్కితే ఒక్క వైపు చక్రమే ఆగి, బండి గిరుక్కున ఆ పక్కకు తిరుగుతుంది. చేలోంచి నేరుగా రోడ్డెక్కేటప్పుడు దీన్ని మరిచిపోయే అవకాశం ఎక్కువ. కాబట్టి రోడ్డు అంచున ఒక్క నిమిషం ఆగి లాకు వేసుకోవడం అలవాటు చేసుకోండి.

5. చక్రాలు: ట్రాలీ టైర్లలో గాలి, చక్రాల నట్ల బిగింపు చూడాలి. ఒక వైపు టైరులో గాలి తగ్గితే బరువంతా అటే ఒరుగుతుంది.

సరుకు ఎలా నింపాలి?

రెండు చక్రాల ట్రాలీకి ఎడ్లబండి లెక్కే వర్తిస్తుంది. బండిలో వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి పలుపులు ఎడ్ల మెడకు బిగిసేవి. ట్రాలీలో వెనక బరువు ఎక్కువైతే హుక్కు పైకి లేస్తుంది. ట్రాక్టరు వెనక చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది, ట్రాలీ ఇటూ అటూ ఊగుతుంది. అందుకని బరువు ఇరుసుకు కొంచెం ముందువైపు పడేలా సర్దాలి. మరీ ముందుకు నెట్టినా ట్రాక్టరు స్టీరింగు తేలిక అవుతుంది, మాట వినదు.

నాలుగు చక్రాల ట్రాలీలో బరువు అంతటా సమంగా పరవాలి. ఏ ట్రాలీ అయినా బరువైనవి అడుగున, తేలికవి పైన వేయాలి. గడ్డి, పత్తి, చెరకు ఎత్తుగా పేర్చితే మలుపులో ఒరిగిపోతుంది. పైగా కరెంటు తీగలు తగిలే ప్రమాదమూ ఉంది. మోకులు కట్టాక ఒకటి రెండు కిలోమీటర్లు వెళ్లి ఆగి, వదులైతే మళ్లీ బిగించండి. వెదుళ్లు, పైపులు, పడవ వంటి పొడుగైన సరుకు వెనక్కి పొడుచుకు వస్తే పగలు ఎర్ర గుడ్డ కట్టాలి. రాత్రిపూట అలాంటి సరుకు తీసుకుపోకపోవడమే మంచిది.

రోడ్డు మీద ఎలా నడపాలి?

• దిగుడు మొదలు కాకముందే గేరు తగ్గించండి. ఆ ఎత్తును ఏ గేరులో ఎక్కుతారో అదే గేరులో దిగండి. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేయడం, క్లచ్చి తొక్కి ఉంచడం చాలా ప్రమాదం. బండిని పట్టి ఉంచే ఇంజను బలం పూర్తిగా పోతుంది.

• మలుపులో బ్రేకు వేయకండి. మలుపుకు ముందే నిదానించండి. ట్రాలీ చక్రాలు ట్రాక్టరు చక్రాల కంటే లోపలివైపుగా తిరుగుతాయి. లోపలివైపు సైకిలు, మోటారు సైకిలు ఉంటే నలిగిపోతాయి.

• కాలవ గట్టు మీద అంచుకు పోకండి. వాన పడ్డ గట్టు పైకి గట్టిగా కనబడినా బరువుకు కుంగిపోతుంది. ఎదురుగా బండి వస్తే అంచుకు జరగడం కన్నా ఆగి, వెడల్పున్న చోట దారి ఇవ్వడం మేలు.

• మడ్‌గార్డు మీద, హుక్కు దగ్గర ఎవరినీ కూర్చోనివ్వకండి. అక్కడినుంచి జారినవారు నేరుగా చక్రం కిందికే పోతారు.

• 18 ఏళ్లు నిండి, లైసెన్సు ఉన్నవారే నడపాలి. పిల్లవాడికి ట్రాక్టరు వచ్చని మురిసిపోయి రోడ్డు మీదికి పంపకండి. మైనరు నడిపి నేరానికి కారణమైతే తల్లిదండ్రులకు, బండి యజమానికి జైలుశిక్ష, జరిమానా పడేలా 2019లో చట్టాన్ని సవరించారు.

రాత్రిపూట కనబడని ట్రాలీ

లైటు లేని ట్రాలీ చీకట్లో రోడ్డు పక్కన నిలబడి ఉంటే వెనక నుంచి మోటారు సైకిలు వచ్చి గుద్దుకుంటుంది. ఇలా తలకు, ముఖానికి తగిలే దెబ్బలు చాలా తీవ్రంగా ఉంటాయి. ఎందుకంటే ట్రాలీ వెనక పలక అంచు సరిగ్గా మనిషి ముఖం, ఛాతీ ఎత్తున ఉంటుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. డిమ్ లైటులో 40 మీటర్ల దూరాన ట్రాలీ కనబడిందనుకుందాం. చేతిలో ఉన్నది రెండు సెకన్ల పైచిలుకు మాత్రమే. అందులో ఒక సెకను చూసి తేరుకోవడానికే పోతుంది. ఇక బ్రేకు పట్టేదెప్పుడు?

దీనికి మందు చాలా చవక. ట్రాలీ వెనక ఎర్ర రేడియం స్టిక్కర్లు, ముందు తెల్లవి, పక్కల పసుపువి అంటించండి. బురద పట్టినప్పుడల్లా గుడ్డతో తుడవండి. వెనక లైటు వైరును ట్రాక్టరుకు కలపండి. దారిలో బండి ఆగిపోతే రోడ్డు మీద ఉంచకుండా పక్కకు దింపండి. దింపలేకపోతే చాలా ముందుగా వెనక ఒక మనిషిని టార్చిలైటుతో నిలబెట్టండి. చక్రాల కింద పెట్టిన రాళ్లను వెళ్లేటప్పుడు తీసి పక్కన పడేయండి. రోడ్డు మీద వదిలేసిన ఆ రాయే తర్వాత వచ్చేవారికి మృత్యువు.

ట్రాలీలో మనుషుల్ని ఎక్కించవచ్చా?

ఎక్కించకూడదు. ట్రాలీని సరుకు కోసం చేశారు. అందులో సీటు ఉండదు, పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. ఒరిగితే అందరూ ఒకే పక్కకు జారతారు, ఆ బరువుకు ఒరిగేది కాస్తా బోల్తా పడుతుంది. కాలవలో పడితే ట్రాలీ మూతలా మీద పడి బయటికి రానివ్వదు. 2020 మే 14న ప్రకాశం జిల్లాలో మిరప కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దుకుని తీగలు మీద పడిన దుర్ఘటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. చట్టం కూడా ఇలా మనుషుల్ని తీసుకుపోవడానికి ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం ఇవ్వనని అనవచ్చు.

కూలికి పోయే తల్లులకు వేరే దారి ఏది అన్న ప్రశ్న న్యాయమైనదే. ఏ బండి వస్తుందో నిర్ణయించేది వారు కాదు, రైతూ మేస్త్రీ. కాబట్టి ఈ మాట ముందుగా వారికే చెబుతున్నాం. కూలీలను తెచ్చే ఖర్చు మాట్లాడుకునేటప్పుడే ఆటోకో, వ్యానుకో లెక్క వేయండి, అందులోనూ పరిమితికి మించి ఎక్కించకండి. పెళ్లిళ్లకు, జాతరలకు, కూటాలకు ఊరంతా ఒక్క ట్రాలీలో బయలుదేరే అలవాటును పెద్దలు పూనుకుని మాన్పించాలి.

ప్రమాదం జరిగితే ఏం చేయాలి?

• ముందు ఇంజను ఆపండి. కరెంటు తీగ తెగి పడి ఉంటే దగ్గరికి పోకండి, ఎవరినీ పోనివ్వకండి. కరెంటు ఆఫీసుకు ఫోను చేసి సరఫరా ఆపించాకే వెళ్లాలి.

• వెంటనే 108కి ఫోను చేయండి. ఊరు, రోడ్డు, దగ్గరి గుర్తు, గాయపడినవారి సంఖ్య చెప్పండి.

• బోల్తా పడిన ట్రాలీని తొందరపడి ఒక పక్కన ఎత్తకండి. జారి మళ్లీ మీద పడుతుంది. రాళ్లు, దుంగలు ఆనించి, జాకీ గాని జేసీబీ గాని తెప్పించి ఎత్తండి.

• రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గట్టిగా అదిమి ఉంచండి. మాటిమాటికీ తీసి చూడకండి.

• కాళ్లూ చేతులూ పట్టుకుని ఎత్తుకుపోకండి. వెన్నెముక విరిగి ఉంటే కాళ్లు శాశ్వతంగా పడిపోవచ్చు. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా నలుగురు కలిసి తలుపు చెక్క మీదికో, మంచం మీదికో చేర్చండి.

• స్పృహ లేకున్నా ఊపిరి ఆడుతుంటే తల, మెడ కదలకుండా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

• నీళ్లు, కాఫీ, సోడా ఏదీ తాగించకండి. ఆపరేషను అవసరమైతే అది ప్రాణానికే ముప్పు.

• నీటిలో మునిగినవారి పొట్ట నొక్కి నీళ్లు కక్కించే ప్రయత్నం చేయకండి. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి అందిస్తూ, ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టండి.

పైకి గాయం లేదని ఊరుకోకండి. ట్రాలీ కింద నలిగినవారికి కడుపులో, కటి ఎముకల దగ్గర లోపలే రక్తం కారుతుంది. మొదట బాగానే మాట్లాడినా, కాసేపటికి ముఖం పాలిపోవడం, చెమటలు పట్టడం, దాహం, కళ్లు తిరగడం కనబడతాయి. ఈ గుర్తులు వచ్చేదాకా ఆగకుండా ముందే ఆసుపత్రికి తీసుకురండి.

పోలీసు కేసు భయంతో ఎవరూ వెనక్కి తగ్గనక్కరలేదు. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చినవారిని బలవంతంగా ఆపి ఉంచకూడదని, సాక్షిగా ఉండమని ఒత్తిడి చేయకూడదని సుప్రీంకోర్టు 2016లో స్పష్టం చేసింది. 2019లో అదే రక్షణ చట్టంలోకి కూడా వచ్చింది. రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, లక్షా 50 వేల రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స అందించే పథకాన్ని 2025 మేలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. డబ్బు లేదని ఆలస్యం చేయకుండా, ఆసుపత్రికి రాగానే ఈ పథకం గురించి అడగండి.

గుర్తుంచుకోండి

పిన్నుకు లాకు. రెండు బ్రేకు పెడళ్లకు లాకు. దిగుడులో గేరు. వెనక ఎర్ర రేడియం. ట్రాలీలో సరుకే, మనుషులు కాదు. ఈ ఐదు మాటలూ ట్రాక్టరు ఉన్న ప్రతి ఇంట్లోనూ చదివి వినిపించండి.