ఏడిపించే ఎపిసోడ్‌ని 1.5 ఎక్స్‌లో చూస్తే ఏమవుతుంది?

ముందే చెప్తున్నా, స్పాయిలర్లు ఉన్నాయి. 'బ్లాక్ మిర్రర్'లో 'బి రైట్ బ్యాక్', 'ద లాస్ట్ ఆఫ్ అస్'లో 'లాంగ్ లాంగ్ టైమ్', 'ఫ్యూచరామా'లో 'జురాసిక్ బార్క్' ఇంకా చూడని వాళ్లు చూసొచ్చి చదవండి. ఒక్క కండిషన్, 1 ఎక్స్‌లోనే చూడండి. ఎందుకో కింద చెప్తాను.

'బి రైట్ బ్యాక్' నేను మొదటిసారి చూసింది మెట్రోలో. మియాపూర్‌లో ఎక్కి, అమీర్‌పేటలో లైన్ మారి, రాయదుర్గంలో దిగేలోపు అయిపోవాలని టార్గెట్. ఎపిసోడ్ దాదాపు 48 నిమిషాలు. 1.5 ఎక్స్ పెడితే 32. లెక్క సరిపోయింది. మా టీమ్‌లో అప్పటికే ముగ్గురు "చూసి ఏడ్చేశాం బ్రో" అని ఊదరగొట్టి ఉన్నారు. నాకేమో ఒక్క చుక్క రాలేదు. లంచ్‌లో కూర్చుని "కాన్సెప్ట్ ఓకే, కానీ బాగా స్లో" అని రివ్యూ కూడా ఇచ్చేశాను. 1.5 ఎక్స్‌లో చూసి స్లో అన్నానన్నమాట.

రెండేళ్ల తర్వాత అదే ఎపిసోడ్ మళ్లీ చూశాను. ఈసారి సగంలో ఆపేసి, బాల్కనీలోకి వెళ్లి, కాసేపు నిలబడి రావాల్సి వచ్చింది. ఈ రెండేళ్లలో రెండు మారాయి. ఒకటి, స్పీడ్. రెండు, మా నాన్న లేరు.

రెండు వేరియబుల్స్ ఒకేసారి మారితే బగ్ ఎక్కడుందో తేలదు కదా. ఈ ఆర్టికల్ అది తేల్చుకోవడానికే.

చాట్‌జీపీటీ కంటే తొమ్మిదేళ్ల ముందే

'బి రైట్ బ్యాక్' బ్రిటన్‌లోని ఛానల్ 4లో 2013 ఫిబ్రవరిలో వచ్చింది. రాసింది చార్లీ బ్రూకర్, డైరెక్టర్ ఓవెన్ హారిస్. చాట్‌జీపీటీ బయటికొచ్చింది 2022 నవంబర్‌లో. ఈ తేడా గుర్తుపెట్టుకుని చూడండి, ఎపిసోడ్ ఇంకో రకంగా కనిపిస్తుంది.

కథ సింపుల్. మార్తా, ఆష్ ఒక పల్లెలో ఉన్న పాత ఇంటికి మారతారు. ఆష్ ఎప్పుడూ ఫోన్‌లోనే తల పెట్టి ఉంటాడు, మనలాగే. మర్నాడు అద్దెకి తెచ్చిన వ్యాన్ తిరిగి ఇచ్చేయడానికి బయల్దేరతాడు, యాక్సిడెంట్‌లో పోతాడు. ఒక ఫ్రెండ్ మార్తాకి ఒక సర్వీస్ గురించి చెప్తుంది. చనిపోయిన మనిషి ఆన్‌లైన్‌లో రాసినవన్నీ చదివి, అతనిలా మెసేజ్‌లు పెట్టే సాఫ్ట్‌వేర్ అది. మార్తాకి మొదట కోపం వస్తుంది. తర్వాత తను ప్రెగ్నెంట్ అని తెలుస్తుంది. ఆ మాట ఆష్‌కి చెప్పుకోవాలనిపిస్తుంది. మెసేజ్ పెడుతుంది. జవాబు వస్తుంది.

అక్కడి నుంచి అంతా అప్‌గ్రేడే. ముందు టెక్స్ట్. వీడియోలు అప్‌లోడ్ చేస్తే గొంతు. ఇంకా డబ్బు కడితే ఏకంగా ఒక శరీరం. మధ్యలో ఒకచోట ఫోన్ చేయి జారి పగిలిపోతుంది. మార్తా పడే కంగారు చూడాలి. ఫోన్ పగిలినందుకు కాదు, ఆష్ రెండోసారి పోయాడని. కొత్త ఫోన్ కనెక్ట్ అయ్యాక ఆ గొంతు తాపీగా చెప్తుంది, తను ఆ ఫోన్‌లో లేనని, క్లౌడ్‌లో ఉన్నానని. టెక్నికల్‌గా కరెక్ట్ ఆన్సర్. మనిషికి ఎందుకూ పనికిరాని ఆన్సర్ కూడా.

చివరికి ఆ శరీరం ఆష్‌లా ఉంటుంది గానీ ఆష్ కాదు. గొడవ పడదు, ఎదురు చెప్పదు. డేటాలో లేనిది దానిలో కూడా లేదు. మార్తా దాన్ని వదిలించుకోనూ లేదు, దానితో బతకనూ లేదు. కొన్నేళ్ల తర్వాత చూస్తే అది ఇంటి అటక మీద ఉంటుంది. కూతురు పుట్టినరోజు కేక్ ముక్క పట్టుకుని పైకి వెళ్తుంది.

ఇందులో సగం ఇప్పుడు కల్పన కూడా కాదు. రెప్లికా యాప్ మొదలుపెట్టిన యూజీనియా కూయ్‌డా, 2015లో చనిపోయిన తన ఫ్రెండ్ మెసేజ్‌లతో 2016లో నిజంగానే ఒక చాట్‌బాట్ తయారుచేసింది. 2020లో సౌత్ కొరియా ఎంబీసీ ఛానల్ ఒక డాక్యుమెంటరీలో, ఏడేళ్లకే చనిపోయిన పాపని వీఆర్‌లో తయారుచేసి తల్లికి చూపించింది. ఆ హెడ్‌సెట్ పెట్టుకుని గాల్లో చేతులు చాపిన తల్లిని చూసి చూసినవాళ్లూ ఏడ్చారు, ఇలా చేయొచ్చా అని తిట్టినవాళ్లూ ఉన్నారు.

స్పీడ్ పెంచితే ఏం పోతుంది?

ఇప్పుడు మన సబ్జెక్ట్. నెట్‌ఫ్లిక్స్ 2019లో ఈ స్పీడ్ ఫీచర్ టెస్ట్ చేసినప్పుడు జడ్ అపటావ్, బ్రాడ్ బర్డ్ లాంటి డైరెక్టర్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. అయినా 2020లో ఆండ్రాయిడ్ యాప్‌లో 0.5 నుంచి 1.5 ఎక్స్ దాకా ఆప్షన్ వచ్చింది. డైరెక్టర్లది ఈగో అనుకున్నాను అప్పట్లో.

మామూలుగా సౌండ్ వేగం పెంచితే గొంతు కీచుగా మారాలి. పాత టేప్ రికార్డర్‌లో జరిగేది అదే. ఇప్పటి ప్లేయర్లు అలా చేయవు. ఆండ్రాయిడ్ డెవలపర్లకి తెలిసిన ఎక్సోప్లేయర్‌నే తీసుకోండి. అందులో సోనిక్ అనే ఆల్గరిథం ఉంది. గొంతులో మళ్లీ మళ్లీ వచ్చే అలల్ని పసిగట్టి, కొన్నిటిని తీసేసి, మిగతావి అతుకు తెలియకుండా కలుపుతుంది. పిచ్ మారదు. మాట స్పష్టంగా వినిపిస్తుంది. అదే ప్లేయర్‌లో నిశ్శబ్దాన్ని పూర్తిగా దాటేసే ఆప్షన్ కూడా ఉంది.

మోసపోయేది ఇక్కడే. ప్రతి డైలాగూ వినపడింది కాబట్టి ఏమీ మిస్ కాలేదనుకుంటాం. కానీ ఆరు సెకన్ల మౌనం నాలుగు సెకన్లు అవుతుంది. జవాబు చెప్పే ముందు గొంతు సవరించుకునే క్షణం ఒక రెప్పపాటు అవుతుంది. ఏడిపించే ఎపిసోడ్లలో అసలు సరుకు ఉండేది అక్కడే.

'జురాసిక్ బార్క్'తో కంట్రోల్ టెస్ట్ చేశాను. 2002లో వచ్చిన కార్టూన్ ఎపిసోడ్, 22 నిమిషాలు. మా నాన్నకీ దానికీ ఏ సంబంధం లేదు. వెయ్యేళ్లు గడ్డకట్టి లేచిన ఫ్రై అనే కుర్రాడికి తన పాత కుక్క శిలాజం దొరుకుతుంది. తను మాయమయ్యాక అది ఇంకో 12 ఏళ్లు బతికిందని తెలిసి, ఈపాటికి నన్ను మర్చిపోయి హాయిగా బతికుంటుందిలే అని దాన్ని మళ్లీ బతికించకుండా వదిలేస్తాడు. చివర్లో మనకి మాత్రమే చూపిస్తారు, ఆ 12 ఏళ్లూ అది పిజ్జా షాపు ముందే కూర్చుని ఎదురుచూసిందని. డైలాగ్ లేదు. ఒక పాట, మారే రుతువులు, ముసలిదైపోతున్న కుక్క. అంతే.

ఆ చివరి భాగాన్ని ఫైల్ పెట్టుకుని 1.5లో ఒకసారి, 1లో ఒకసారి వరసగా చూశాను. 1.5లో 'ఓహో, కుక్క ఎదురుచూసిందన్నమాట' అనే సమాచారం అందింది. 1లో నేను కూడా కుక్కతో పాటు కూర్చోవాల్సి వచ్చింది. గొంతు పట్టేసింది. ఒక్కడి మీద చేసిన టెస్ట్, దీంతో పేపర్ ఏం రాయలేం. కానీ నా మట్టుకు తేడా తెలిసింది.

'లాంగ్ లాంగ్ టైమ్' కూడా అంతే. 2023 జనవరిలో వచ్చింది, గంటా పావు ఉంటుంది. ప్రపంచం నాశనమైపోయాక కంచె కట్టుకుని ఒంటరిగా బతికే బిల్, అతని గోతిలో పడ్డ ఫ్రాంక్. 2013 నాటి గేమ్ ఆడినవాళ్లకి తెలుసు, అందులో మనం వెళ్లేసరికే ఫ్రాంక్ చనిపోయి ఉంటాడు. సిరీస్‌లో ఇద్దరికీ ఒక జీవితకాలం ఇచ్చారు. చాటుగా పెంచిన స్ట్రాబెర్రీ నోట్లో పెట్టుకుని ఇద్దరూ పకపకా నవ్వే సీన్‌లో కథ అంగుళం కూడా ముందుకు కదలదు. కదలకపోవడమే పాయింట్. బిల్‌గా చేసిన నిక్ ఆఫర్‌మన్‌కి ఎమ్మీ వచ్చింది.

అమ్మ అడిగిన ప్రశ్న

ఇక రెండో వేరియబుల్.

మా నాన్నకి టైపింగ్ రాదు. అన్నీ వాయిస్ నోట్లే. ఆయన నోట్ ఒక ఫార్మాట్‌లో ఉంటుంది. మొదట నాలుగైదు సెకన్లు ఏమీ ఉండదు, ఫ్యాన్ శబ్దం. తర్వాత "ఆఁ... నాన్నా..." అని ఒక గ్యాప్. తర్వాత "తిన్నావా" అని ఇంకో గ్యాప్. విషయం ఎక్కడో ముప్పయ్యో సెకను దగ్గర వస్తుంది. 2021లో వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లకి 1.5, 2 ఎక్స్ ఇచ్చినప్పుడు నేను ఎంత సంబరపడ్డానో చెప్పలేను. అప్పటి నుంచి నాన్నని 2 ఎక్స్‌లోనే విన్నాను. విషయం అర్థమవగానే ఆపేసి, థంబ్స్ అప్ పెట్టేవాణ్ణి.

పెద్దకర్మ అయ్యాక బంధువులంతా వెళ్లిపోయారు. తెనాలిలో ఇంట్లో అమ్మా నేనే. అమ్మ "ఆయన గొంతు ఏమైనా ఉందా నీ ఫోన్లో" అంది. ఉందన్నాను. చివరి నోట్ ప్లే చేశాను. వేలు అలవాటుగా వెళ్లి 2 ఎక్స్ నొక్కేసింది.

అమ్మ రెండు క్షణాలు విని, నా వైపు చూసి అడిగింది. "మీ నాన్నెప్పుడ్రా ఇంత గబగబా మాట్లాడింది?"

నా దగ్గర జవాబు లేదు. 1 ఎక్స్ చేసి మొదటి నుంచి పెట్టాను. ఫ్యాన్ శబ్దం. "ఆఁ... నాన్నా..." ఇక్కడ వాన పడుతోంది, బండి మీద జాగ్రత్త, అంతే విషయం. అది నాకు తెలుసు. దాని తర్వాత ఇంకో పది సెకన్లు ఉందని తెలీదు. ఆయనకి నోట్ ఆపడం ఎప్పుడూ సరిగ్గా వచ్చేది కాదు. ఆగిందనుకుని పక్కకి తిరిగి అమ్మతో అంటున్నారు, "పన్లో ఉంటాడు. వీలైనప్పుడు వింటాడులే."

ఆ పది సెకన్లు నేను అప్పటిదాకా వినలేదు.

జిప్ ఫైల్

హైదరాబాద్ తిరిగొచ్చాక ఆ చాట్ మొత్తం మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేశాను. ఒక జిప్ ఫైల్. అందులో ఎన్ని నిమిషాల గొంతు ఉందో లెక్కేశాను. ఇప్పుడున్న వాయిస్ క్లోనింగ్ టూల్స్‌కి అందులో పదో వంతు చాలు. నా లాప్‌టాప్‌లో ఒక వీకెండ్ పని. ఫోల్డర్ కూడా క్రియేట్ చేశాను.

ఆ రాత్రే 'బి రైట్ బ్యాక్' మళ్లీ పెట్టుకుని, 1 ఎక్స్‌లో, ఫోన్ పక్క గదిలో పడేసి చూశాను. నేను ఆపేసింది ఫోన్ పగిలే సీన్ దగ్గర. బాల్కనీలో నిలబడి ఆలోచించాను. మోడల్‌కి ఆయన మాటలు నేర్పొచ్చు. కానీ శుభ్రంగా ట్రైన్ చేయాలంటే ముందు ఏం చేస్తాం? సైలెన్స్ ట్రిమ్ చేస్తాం, బ్యాక్‌గ్రౌండ్ నాయిస్ తీసేస్తాం. ఆ ఫ్యాన్ శబ్దం, ఆ గ్యాప్, పక్కకి తిరిగి అన్న ఆ మాట, అన్నీ క్లీనింగ్‌లోనే పోతాయి. నేను ఇన్నేళ్లూ 2 ఎక్స్‌లో చేసింది కూడా అదే క్లీనింగ్.

ట్రైన్ చేయలేదు. ఎప్పటికీ చేయనని ఒట్టు కూడా పెట్టను. మార్తా ఎందుకు చేసిందో ఇప్పుడు నాకు అర్థమవుతోంది. జిప్ ఫైల్ మాత్రం రెండు చోట్ల బ్యాకప్ ఉంది.

సెట్టింగ్స్ మార్చుకోండి

గాడ్జెట్ సైట్ కాబట్టి పనికొచ్చేది చెప్పి ముగిస్తాను.

- స్పీడ్: ట్యుటోరియల్స్, ఫోన్ లాంచ్ ఈవెంట్లు ఎంత స్పీడ్‌లో అయినా చూడండి, నేనూ అంతే. కథలకి మాత్రం 1 ఎక్స్.
- ఆటోప్లే: నెట్‌ఫ్లిక్స్ ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే ఆప్షన్ ఆఫ్ చేయండి. కళ్లు తుడుచుకునేలోపు ఇంకో కథ మొదలవకూడదు.
- టీవీలో మోషన్ స్మూతింగ్: క్రికెట్‌కి ఉంచుకోండి. 24 ఫ్రేమ్స్‌లో తీసిన డ్రామాకి మధ్య ఫ్రేమ్‌లు టీవీ సొంతంగా కలిపితే డైలీ సీరియల్‌లా కనిపిస్తుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టండి. యూహెచ్‌డీ అలయన్స్ 2019లో దాన్ని ప్రకటించింది ఇందుకే.
- నోటిఫికేషన్లు: డీఎన్‌డీ. గంటసేపు ఎవరూ ఏమీ అయిపోరు.

ఇవన్నీ చేసినా కన్నీళ్లు వస్తాయని గ్యారంటీ లేదు. ఏ సెట్టింగూ కన్నీళ్లు తెప్పించదు, రావాల్సినవి రాకుండా మాత్రం ఆపగలదు. నా రెండు వేరియబుల్స్ లెక్క కూడా పూర్తిగా తేలలేదు. నాన్న ఉండి, నేను 1 ఎక్స్‌లో చూసి ఉంటే ఏడ్చేవాణ్ణా? ఆ టెస్ట్ ఇక రన్ చేయలేను.

మీరు చేయగలిగింది ఒకటుంది. మీ ఇంటి నుంచి కూడా నెమ్మదిగా మాట్లాడే వాయిస్ నోట్లు వస్తుంటాయి కదా. ఈసారి వచ్చినదాన్ని 1 ఎక్స్‌లో, చివరి దాకా వినండి. విషయం అయిపోయాక కూడా ఆపకండి.